రాతిలో పడుగూ పేకా

గూడూరు నుంచి సైదాపురం వైపు వెళ్తుంటే చేల మధ్య అక్కడక్కడ తెల్లటి దిబ్బలు కనిపిస్తాయి. మధ్యాహ్నం ఎండలో వాటివైపు చూడలేం, అంత మెరుపు. అవి పాత మైకా గనుల్లోంచి తవ్విపోసిన రాళ్లు. ఒకప్పుడు అక్కడ అందరికీ కావలసింది అభ్రకం, అదే కాకిబంగారం. పొరలు పొరలుగా ఊడివచ్చే ఆ పలకల్ని ఏరుకుని, తక్కినదంతా గని పక్కనే గుమ్మరించారు. ఆ తక్కినదాంట్లో రెండు రకాల రాళ్లే ఎక్కువ. ఒకటి పలుగురాయి. కొడితే గాజులా, వంపు తిరిగిన పెచ్చులుగా లేస్తుంది. రెండోది మీగడ రంగులోనో లేత గులాబీ రంగులోనో ఉంటుంది. కొడితే మెట్లు మెట్లుగా, నున్నటి ముఖాలతో విడిపోతుంది. ఆ ముఖాలు ఒకదానికొకటి దాదాపు లంబంగా ఉంటాయి. ఇది ఫెల్డ్‌స్పార్. మన గనుల కాగితాల్లో ఫెల్స్‌పార్ అని కూడా రాస్తారు.

‘దాదాపు లంబంగా’ అన్నాను. ఆ ‘దాదాపు’ గురించే ఈ వ్యాసమంతా.

జర్మనీలోని ఫ్రైబెర్గ్ గనుల విద్యాలయంలో ఆగస్ట్ బ్రైథాప్ట్ అనే ఖనిజ శాస్త్రవేత్త ఉండేవాడు. ముఖాలు సరిగ్గా 90 డిగ్రీల కోణంలో విడిపోయే ఫెల్డ్‌స్పార్‌కు 1823లో ఆయన ఆర్థోక్లేస్ అని పేరు పెట్టాడు. గ్రీకు మాటల్లో దాని అర్థం నిటారుగా విరిగేదని. ఏడేళ్లకే, 1830లో, ఇంకో పేరు పెట్టాల్సి వచ్చింది. కంటికి అదే రాయి, కానీ కొలిస్తే కోణం 90కి అర డిగ్రీ లోపు తేడాగా వస్తోంది. కొంచెం వాలినది అనే అర్థంలో దానికి మైక్రోక్లైన్ అన్నాడు. రసాయనం చూడబోతే రెండూ ఒకటే. పొటాషియం ఒకటి, అల్యూమినియం ఒకటి, సిలికాన్ మూడు, ఆక్సిజన్ ఎనిమిది. ఒకే సరుకు, ఒకే పాళ్లు. ఒకటి నిటారుగా నిలబడితే రెండోది అర డిగ్రీ ఎందుకు వాలింది?

జవాబు కోసం ముందు ఆ దిబ్బల రాయి ఎలా పుట్టిందో కాస్త చూడాలి. గ్రానైట్ కరుగు భూమి లోపల నిదానంగా గడ్డకట్టేటప్పుడు, పెరుగుతున్న స్ఫటికాల్లో ఇమడనివన్నీ మిగిలిన ద్రవంలో పోగవుతాయి. నీరు, బోరాన్, ఫ్లోరిన్, లిథియం, బెరీలియం లాంటివి. చివరికి మిగిలే ఆ పలుచటి రసం చుట్టుపక్కల రాళ్ల పగుళ్లలోకి చొరబడి గడ్డకడుతుంది. అదే పెగ్మటైట్. కరుగులో నీళ్లుంటే అణువులు సులువుగా కదులుతాయి, స్ఫటికాలు కొద్దిచోట్లే మొలకెత్తి భారీగా పెరుగుతాయి. మామూలు గ్రానైట్‌లో గోరంత ఉండే ఫెల్డ్‌స్పార్, పెగ్మటైట్‌లో మనిషంత ఉండొచ్చు. అమెరికాలోని కొలరాడోలో ఒక బెరిల్ గనిలో 49 మీటర్ల పొడవున్న మైక్రోక్లైన్ స్ఫటికం ఉన్నట్టు రికార్డుల్లో ఉంది. అంత పొడవునా అది ఒకే స్ఫటికమేనా అంటే నాకు కొంచెం అనుమానమే. అందులో పావు వంతైనా గొప్పే కదా.

పెద్ద స్ఫటికమంటే లక్షల ఏళ్లు పట్టి ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడు ఆ నమ్మకం సడలింది. చిన్న పెగ్మటైట్ పగుళ్లు చల్లారడానికి కొన్ని రోజుల నుంచి కొన్నేళ్లు చాలని లెక్కలు చెబుతున్నాయి. కాలిఫోర్నియాలోని స్టువర్ట్ పెగ్మటైట్ పలుగు స్ఫటికాల మీద రైస్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ప్రచురించిన పరిశోధన ఇంకా ముందుకు పోయింది. కొన్ని దశల్లో వాటి పెరుగుదలను రోజుకు మీటర్లలో కొలవాల్సి వస్తుందని అందులో తేలింది. అంటే పుట్టుక తొందరగానే ముగుస్తుంది. ఆ తర్వాత జరిగేదానికే యుగాలు పడతాయి. నెల్లూరు మైకా పట్టీలోని పెగ్మటైట్లు 150 కోట్ల ఏళ్లకు పైబడ్డవి. ఇంతకాలమూ ఆ స్ఫటికం ఊరికే పడి ఉందనుకుంటే పొరపాటు.

ఇక లోపలికి వెళ్దాం. ఫెల్డ్‌స్పార్ కట్టడాన్ని ఎక్స్‌రేలతో మొదట విప్పి చూపింది డబ్ల్యూ. హెచ్. టేలర్, 1933లో. ఒక సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు చేరితే చిన్న పిరమిడ్ లాంటిది తయారవుతుంది. ఆ పిరమిడ్లు మూలకు మూల అతుక్కుని నలుదిక్కులా అల్లుకుపోతాయి. ఆ పంజరంలోని ఖాళీ గదుల్లో పొటాషియమో సోడియమో కూర్చుంటుంది. మెలిక ఎక్కడంటే, ప్రతి నాలుగు పిరమిడ్లలో ఒకదాని నడుమ సిలికాన్‌కు బదులు అల్యూమినియం ఉంటుంది. ఆ నాలుగింటిలో ఏది?

నాలుగు సీట్ల జీపు ఒకటి ఊహించుకోండి. ముందు రెండు సీట్లు, వెనక రెండు. ఎక్కేది నలుగురు. ముగ్గురు సిలికాన్లు, ఒక అల్యూమినియం. అల్యూమినియం కాస్త ఒళ్లున్న మనిషి. సిలికాన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య దూరం 1.61 ఆంగ్‌స్ట్రామ్‌లైతే, అల్యూమినియంకూ ఆక్సిజన్‌కూ మధ్య 1.74. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు. తేడా చిన్నదే, కానీ పక్కపక్కన ఇరుక్కుని కూర్చున్నవాళ్లకు అది తెలుస్తుంది.

బాగా వేడిగా ఉన్నప్పుడు అల్యూమినియం ఏ సీట్లో పడితే ఆ సీట్లో ఉంటుంది. కోటి జీపులు లెక్కపెడితే నాలుగు సీట్లలోనూ సమానంగా కనిపిస్తుంది. ఈ అల్లరిచిల్లర దశ పేరు సానిడైన్. అగ్నిపర్వతాల లావాలో పెరిగి, హఠాత్తుగా చల్లారిన పొటాష్ ఫెల్డ్‌స్పార్ ఇలాగే మిగిలిపోతుంది. వేడి తగ్గేకొద్దీ అల్యూమినియం వెనక సీట్లు వదిలి ముందుకు జరుగుతుంది. అయితే ముందు సీట్లలో ఎడమా కుడీ ఇంకా సమానమే. బండి మొత్తంమీద సమతూకంలోనే ఉంటుంది. బ్రైథాప్ట్ చూసిన నిటారు ఆర్థోక్లేస్ ఈ దశలోది. ఇంకా చల్లారి, సుమారు 500 డిగ్రీల సెల్సియస్ కిందికి వచ్చాక అల్యూమినియం ఒకే పక్క ఖాయం చేసుకోవడం మొదలుపెడుతుంది. ఎడమైతే ఎడమ, కుడైతే కుడి. లావాటి మనిషి ఒక పక్కనే కూర్చుంటే బండి ఏమవుతుంది? అటు ఒరుగుతుంది. అదే మైక్రోక్లైన్. పూర్తిగా సర్దుకున్న మైక్రోక్లైన్‌లో, నిటారు దశలో 90 డిగ్రీలుండాల్సిన ఒక అక్షకోణం 87.7 దాకా దిగుతుంది. పగిలిన ముఖాల మధ్య బ్రైథాప్ట్ కొలిచిన చిన్న తేడాకు మూలం ఈ ఒరుగే.

స్ఫటిక శాస్త్రం భాషలో చెప్పాలంటే నిటారు దశ మోనోక్లినిక్, ఒరిగిన దశ ట్రైక్లినిక్. మోనోక్లినిక్ స్ఫటికాన్ని నిట్టనిలువునా కోసి నడుమ అద్దం పెడితే ఎడమ సగం కుడి సగానికి ప్రతిబింబం. ఒరగడంతో ఆ అద్దం పోయింది. దానితోపాటు, అరచుట్టు తిప్పినా మళ్లీ ముందులాగే కనిపించే ఒక అక్షం కూడా పోయింది. పోయినవి రెండని గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో అవసరం పడుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఏ పక్కకు ఒరగాలి? ఎడమకు ఒరిగినా కుడికి ఒరిగినా ఖర్చు ఒకటే. స్ఫటికమంతటికీ ఒకే ఆజ్ఞ ఇచ్చే పెద్దమనిషి లోపల ఎవరూ లేరు. అందుకని ఒక చోట ఎడమకు, పక్క చోట కుడికి ఒరుగుతుంది. పైగా స్ఫటికం మొత్తం ఒకే పక్కకు ఒరిగితే దాని బయటి ఆకారమే మారిపోవాలి. చుట్టూ పలుగు, అభ్రకం, ఇతర ఫెల్డ్‌స్పార్లు బిగించి పట్టుకుని ఉండగా అది కుదిరే పని కాదు. అందుకే సన్నటి పట్టీలుగా విడిపోయి, ఒకటి ఎడమకు, దాని పక్కది కుడికి, మళ్లీ ఎడమకు ఒరుగుతాయి. చీర కుచ్చిళ్ల మాదిరి లోపలంతా మడతలే, బయటి గీత మాత్రం తిన్నగా ఉంటుంది. ఇలా ఒకే పదార్థం రెండు దిశల్లో పేర్చుకుని, ఒక కచ్చితమైన జ్యామితి నియమంతో అతుక్కుని ఉంటే దాన్ని కవల స్ఫటికం అంటారు.

ఎడమకు ఒరిగిన పట్టీకి కుడికి ఒరిగిన పట్టీని బీట రాకుండా అతికించడానికి ఇక్కడ రెండే దారులు. పోగొట్టుకున్న ఆ అద్దం తలం వెంబడి అతికించడం ఒకటి. దీన్ని ఆల్బైట్ కవల అంటారు. పోగొట్టుకున్న అక్షాన్ని తనలో ఇముడ్చుకున్న తలం వెంబడి అతికించడం రెండోది. ఇది పెరిక్లైన్ కవల. ఆ రెండు తలాలూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. స్ఫటికం రెండు దారులూ ఒకేసారి పట్టింది కాబట్టి నిలువు పట్టీలు కొన్ని, అడ్డ పట్టీలు కొన్ని, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని అల్లుకుపోయాయి. పడుగూ పేకా అన్నమాట.

ఇది కంటికి కనిపించాలంటే రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, గాజుపలక మీద అతికించి, పోలరైజింగ్ సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. కాంతి కంపనాలను ఒకే దిశలో వడగట్టే ఫిల్టర్ రాతికి కింద ఒకటి, పైన దానికి అడ్డంగా ఇంకొకటి. అలా చూస్తే పలుగు ఒకే బూడిదరంగులో ముద్దగా ఉంటుంది. మైక్రోక్లైన్ వేదిక మీదికి రాగానే బూడిద, నలుపు, తెలుపు గళ్లు! వేదికను తిప్పుతుంటే నల్లగళ్లు తెల్లబడతాయి, తెల్లవి నల్లబడతాయి. అంచులు కత్తితో కోసినట్టు ఉండవు. నీళ్లలో తడిసిన నూలులా ఒకదానిలోకి ఒకటి మసకగా కలిసిపోతాయి. జియాలజీ చదివిన ఏ విద్యార్థీ ప్రాక్టికల్స్‌లో గుర్తుపట్టలేకపోయానని చెప్పలేని ఖనిజం ఇదొక్కటే. యూరప్ వాళ్లు దీన్ని టార్టన్ నేత అన్నారు, స్కాట్లండ్ వాళ్ల గళ్ల ఉన్ని బట్ట పేరు మీద. మనవాళ్లు ముందు చూసుంటే గళ్ల లుంగీ అని ఉండేవాళ్లు. బూడిదరంగు గళ్ల లుంగీకి ఇంతకంటే దగ్గరి పోలిక నాకైతే తట్టలేదు.

ఈ గళ్లు వట్టి అందం కాదు, సాక్ష్యం. ఆ సంగతి గట్టిగా నిలబెట్టినవాడు ఫ్రిట్జ్ లావెస్. 1950లో ఆయన వాదన ఇలా సాగింది. పడుగుకూ పేకకూ మధ్య ఇంత కచ్చితమైన లంబం కుదరాలంటే, కవలలు ఏర్పడే క్షణంలో స్ఫటికం మోనోక్లినిక్‌గా ఉండి తీరాలి. మొదటినుంచీ ఒరిగే పుట్టిన స్ఫటికంలో ఆ అద్దానికీ ఆ అక్షానికీ చోటే లేదు కాబట్టి ఈ నేత రాదు. అంటే మన చేతిలో ఉన్న రాయి ఇప్పుడు మైక్రోక్లైనే అయినా, పెరిగిన రోజున నిటారుగా ఉండేది. ఒరిగింది తర్వాత, గట్టి రాయిగా ఉండగానే. దీనికి ఎదురు పరీక్షా ఉంది. సోడియం ఫెల్డ్‌స్పార్ అయిన ఆల్బైట్, సీట్లు సర్దుకున్న స్థితిలో పుట్టుకనుంచీ ఒరిగే ఉంటుంది. దాన్ని కరిగిన పొటాషియం క్లోరైడ్‌లో నానబెడితే సోడియం బయటికి పోయి పొటాషియం లోపలికి వస్తుంది. అల్యూమినియం సీటు మాత్రం మారదు. చివరికి చేతికొచ్చేది రసాయనంలోనూ కట్టడంలోనూ మైక్రోక్లైనే. గళ్లు మాత్రం ఉండవు. నిటారుగా బతికిన చరిత్ర దానికి లేదు మరి.

కవలలనగానే పుట్టుకతో కవలలనే మనం అనుకుంటాం. ఫెల్డ్‌స్పార్లలో వాళ్లూ ఉన్నారు. ఇప్పటి చెక్ దేశంలోని కార్ల్స్‌బాడ్ పేరు మీద కార్ల్స్‌బాడ్ కవలలు ప్రసిద్ధి. అక్కడి వేడినీటి బుగ్గలకు తరచూ వెళ్లే జర్మన్ కవి గోథే వాటిని ఇష్టంగా ఏరి దాచుకునేవాడు. అవి పెరిగేటప్పుడే రెండు స్ఫటికాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి పెరిగినవి. చూడ్డానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు. గ్రానైట్ బండ మీద పెద్ద ఫెల్డ్‌స్పార్ ముక్కను ఎండకు అటూ ఇటూ తిప్పి చూడండి. సగం మెరిసి సగం మెరవకుండా, నడుమ తిన్నటి గీత కనిపిస్తే అది కార్ల్స్‌బాడ్ కవల. మైక్రోక్లైన్ గళ్ల కవలలు ఆ జాతి కాదు. నడివయసు దాటాక, ఇంట్లో చోటు చాలక వచ్చిన విభజన ఇది.

అయితే ప్రతి ఆర్థోక్లేస్ ఇలా మారి ఉండాలి కదా? చల్లారని గ్రానైట్ ఏముంది? అన్నీ చల్లారినవే. అయినా కోట్ల ఏళ్లుగా ఆర్థోక్లేస్‌గానే మిగిలిన రాళ్లు బోలెడు. ఇక్కడే నాకు ఈ కథ బాగా నచ్చుతుంది. అల్యూమినియం సీటు మారడమంటే లేచి పక్కన కూర్చోవడం కాదు. ఆక్సిజన్లతో ఉన్న గట్టి బంధాలు తెంపాలి, సిలికాన్‌తో స్థానం మార్చుకోవాలి, మళ్లీ బంధాలు కట్టుకోవాలి. 400, 500 డిగ్రీల వేడిలో ఎండు రాతికి అది పెద్ద బరువు. దానికితోడు ఇంకో అడ్డంకి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఆర్థోక్లేస్‌ను చూస్తే, అది అనుకున్నంత నిటారుగా ఏమీ లేదు. మిల్లీమీటరులో లక్షవ వంతు వెడల్పున్న ముక్కలు అప్పటికే అటూ ఇటూ ఒరగడానికి ప్రయత్నించి, ఒకదాన్నొకటి నెట్టుకుని, బిగుసుకుపోయి ఉన్నాయి. దీనికీ బట్ట పేరే పెట్టారు, ట్వీడ్ అని. స్కాట్లండ్ వాళ్ల బట్టల కొట్టు ఖాళీ చేసినట్టున్నారు. సగటున చూస్తే నిటారు, దగ్గరికెళ్తే తోపులాట. ఆ తోపులాట వల్ల ఏ ముక్కా పెరగలేదు, వెనక్కీ పోలేదు. సందులో రెండు లారీలు ఎదురుపడి ఆగినట్టు కోట్ల ఏళ్లు అలాగే ఉండిపోతుంది.

ఆ చిక్కుముడి విప్పేది నీరు. వేడి నీరు స్ఫటికంలోకి చేరితే సిలికాన్, ఆక్సిజన్ల బంధాలు తెగడం తేలికవుతుంది. పాత స్ఫటికం అంచున కరిగి, అక్కడికక్కడే కొత్తగా పేరుకుంటుంది. పెగ్మటైట్ అంటేనే నీళ్లు మిగిలిన కరుగు కాబట్టి అక్కడి పొటాష్ ఫెల్డ్‌స్పార్‌లో మైక్రోక్లైన్‌దే రాజ్యం. గూడూరు దిబ్బల మీద ఏరిన ముక్క గళ్లు చూపిస్తుందని కళ్లు మూసుకుని పందెం కాయొచ్చు. అదే తూర్పు కనుమల చార్నోకైట్ తీసుకోండి. భూమి లోతుల్లో, మహా వేడిలో, నీళ్లు లేకుండా తయారైన రాయి అది. అందులో పొటాష్ ఫెల్డ్‌స్పార్ తరచు ఆర్థోక్లేస్‌గానే ఆగిపోయి కనిపిస్తుంది. ఎన్నెన్ని కోట్ల ఏళ్లు గడిచాయన్నదానికంటే నీరు తగిలిందా లేదా అన్నదే దీన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది.

ప్రయోగశాలలోనూ ఇదే అనుభవం. 1954లో జూలియన్ గోల్డ్‌స్మిత్, లావెస్ కలిసి మైక్రోక్లైన్‌ను నీటితో, ఒత్తిడిలో 500 డిగ్రీలకు కాస్త పైన వేడిచేసి సానిడైన్ వైపు మరలించగలిగారు. సానిడైన్‌ను చల్లార్చి మైక్రోక్లైన్ చేయడం మాత్రం వాళ్లవల్ల కాలేదు. కలపడం ఒక పూట పని, విడదీసి సర్దడం తరాల పని. బియ్యంలో రాళ్లు ఏరే ఎవరినడిగినా ఈ ముక్క చెబుతారు.

సీట్ల గొడవ ఇలా సాగుతుండగా పంజరం గదుల్లో మరో విభజన నడుస్తూ ఉంటుంది. అక్కడ ఉండేది పొటాషియం ఒక్కటే కాదు, సోడియం కూడా. వేడిలో రెండూ ఒకే స్ఫటికంలో ఏ పేచీ లేకుండా ఇముడుతాయి. చల్లారితే కుదరదు. పొటాషియం అయాను పెద్దది, సోడియంది చిన్నది, ఒకే కొలత గదులు ఇద్దరికీ సరిపడవు. కాచిన నెయ్యి వేడిగా ఉన్నప్పుడు ఒకే తేట, చల్లారాక పూస కడుతుంది కదా, అలాగే 600, 700 డిగ్రీల కింద ఫెల్డ్‌స్పార్ లోపల సోడియం ఒక పక్క, పొటాషియం ఒక పక్క పోగవుతాయి. ఈ అయాన్లకు బంధాలు తెంపే పని లేదు, గదులు మారితే చాలు. కాబట్టి ఇది అల్యూమినియం వ్యవహారం కంటే చాలా సులువు. చివరికి మైక్రోక్లైన్ నిండా ఆల్బైట్ చారలు మిగులుతాయి. ఈ చారల ఫెల్డ్‌స్పార్‌కు 1843లో థామస్ థామ్సన్ పెర్తైట్ అని పేరు పెట్టాడు, కెనడాలోని పెర్త్ ఊరి పేరు మీద. పెగ్మటైట్ ముక్కల్లో ఈ చారలు మామూలు కంటికే కనిపిస్తాయి, గులాబీ నేల మీద తెల్లటి వంకర గీతలుగా. వేరుపడిన ఆ ఆల్బైట్ చారలోనూ మళ్లీ దాని సొంత కవలలు. చారల్లో గళ్లు, గళ్లలో చారలు.

చారలు కాంతి తరంగం కంటే సన్నగా, క్రమంగా ఉంటే రాయి లోపల వెన్నెల కదిలినట్టు నీలి తళుకు పుడుతుంది. అదే చంద్రకాంత శిల, మూన్‌స్టోన్. సర్ సి. వి. రామన్ 1950లో, లావెస్ మైక్రోక్లైన్ వ్యాసం వచ్చిన ఏడాదే, ఎ. జయరామన్, శ్రీనివాసన్‌లతో కలిసి సిలోన్ మూన్‌స్టోన్ల మీద పరిశోధన ప్రచురించారు. ఒకరు గళ్ల వెనక, ఒకరు తళుకు వెనక పడ్డారు. ఇద్దరి చేతిలో ఉన్నదీ ఒకే ఖనిజ కుటుంబం.

మరి మన దిబ్బల మీది ఫెల్డ్‌స్పార్ తళుకుమనదేం? మీగడలా మసకగా ఎందుకుంటుంది? మళ్లీ నీరే. తళుకునిచ్చే సన్నటి చారలను వేడినీరు కరిగించి మోటు చారలుగా, మచ్చలుగా తిరిగి పేరుస్తుంది. ఎడిన్‌బరోకు చెందిన ఇయాన్ పార్సన్స్, ఆయన సహచరులు దశాబ్దాల పాటు పట్టి చూసింది ఇదే. కరిగి పేరుకున్న చోటల్లా సూదిమొన కంటే చిన్న రంధ్రాలు లెక్కలేనన్ని మిగులుతాయి. ఆ రంధ్రాల్లో కాంతి చెదిరిపోవడం వల్లే రాయి పాలరంగుకు తిరుగుతుంది. గ్రానైట్ ఫెల్డ్‌స్పార్లు చాలావాటికి గులాబీ ఛాయ ఇచ్చేది కూడా ఆ రంధ్రాల్లో చేరిన హెమటైట్ రేణువులు, అంటే ఇనుప తుప్పు దగ్గరి చుట్టమే. హైదరాబాద్‌లో గులాబీ బండల పక్కన నిలబడి ఫొటో దిగేటప్పుడు ఒకసారి తలుచుకోండి. ఆ రంగు ఫెల్డ్‌స్పార్ సొంత రంగు అయ్యే అవకాశం తక్కువ.

ఆకుపచ్చ అమెజొనైట్ కూడా ఈ మైక్రోక్లైనే. దాని రంగు రాగి వల్ల అనుకునేవారు. కాదని, లోపల చిక్కిన సీసమూ నీరూ, రాతిలోని రేడియోధార్మికతా కలిసి ఇచ్చిన రంగని 1985లో హాఫ్‌మైస్టర్, రాస్‌మన్ చూపించారు. పొటాషియంలో కొద్ది భాగం సహజంగానే రేడియోధార్మికం. ఈ రాయి తనకు తానే కొంత రంగు వేసుకుందన్నమాట.

ఈ లోపలి నేత రాతిలోనే ఉండిపోతుందని నేనూ అనుకునేవాణ్ని, మేఘాల మీద పనిచేసేవాళ్లు చెప్పేదాకా. మేఘంలోని నీటి బిందువు సున్నా డిగ్రీల దగ్గరే గడ్డకట్టదు. పట్టుకుని మొదలుపెట్టడానికి ఏ ఆధారమూ లేకపోతే మైనస్ 35 దాకా ద్రవంగానే ఉంటుంది. ఎడారి దుమ్ములోని ఏ ఖనిజం ఆ ఆధారం అవుతోందని వెతికితే, బంకమట్టి అనుకున్నది కాస్తా పొటాష్ ఫెల్డ్‌స్పార్ అని 2013లో లీడ్స్ విశ్వవిద్యాలయం బృందం తేల్చింది. దుమ్ములో దాని వాటా తక్కువే, పని మాత్రం ఎక్కువ. పొటాష్ ఫెల్డ్‌స్పార్లు అన్నీ ఒకేలా ఎందుకు పనిచేయవని ఇంకొంచెం తవ్వితే, 2017లో పెర్తైట్ చారలు బయటపడ్డాయి. సోడియం, పొటాషియం విడిపోయిన ఫెల్డ్‌స్పార్ల మీద మంచు సులువుగా మొలుస్తోంది, విడిపోనివాటి మీద అంత సులువుగా మొలవట్లేదు. విడిపోయే ఒత్తిడిలో ఉపరితలం మీద ఏర్పడిన సూక్ష్మమైన గరుకుదనమే దీనికి కారణమని వాళ్ల వివరణ. ఎప్పుడో కొండ కడుపులో, 600 డిగ్రీల వేడిలో జరిగిన విభజన ఆకాశంలో చినుకు ఎక్కడ గడ్డకట్టాలో నిర్ణయించడంలో పాలుపంచుకుంటోంది!

గూడూరు దిబ్బల రాతికి ఆ యోగం ఉందో లేదో గానీ, ఎక్కువ భాగం వెళ్లేది మాత్రం మరో చోటికి. ఒకప్పుడు పారబోసిన ఫెల్డ్‌స్పార్‌కు ఇప్పుడు గాజు, టైల్స్, పింగాణీ పరిశ్రమల్లో గిరాకీ. తెలంగాణలో మహబూబ్‌నగర్ వైపు క్వారీల నుంచీ ఇదే సరుకు వెళ్తుంది. అక్కడ అడిగేది గళ్ల గురించి కాదు, పొటాష్ ఎంత, ఇనుము ఎంత అని. ఇనుము ఎక్కువైతే టైలు తెల్లగా రాదు. క్రషర్‌లో నలిగి, మిల్లులో మైదాపిండిలా మెత్తబడి, బంకమట్టితో కలిసి అది బట్టీలోకి పోతుంది. 1,200 డిగ్రీల దగ్గర ఫెల్డ్‌స్పార్ కరిగి, మట్టి రేణువుల సందుల్లోకి గాజులా పారి, వాటిని పట్టి ఉంచుతుంది. టైలుకు గట్టిదనం ఇచ్చేది అదే. ఆధునిక రోలర్ బట్టీలో ఈ తంతు గంటసేపట్లో అయిపోతుంది. పడుగూ పేకా, పెర్తైట్ చారలూ, 150 కోట్ల ఏళ్ల సర్దుబాటూ అందులో కరిగిపోతాయి. బట్టీ రెండో కొసకు చేరేసరికి టైలు చేత్తో పట్టుకునేంత చల్లబడి ఉంటుంది. అల్యూమినియం ఈసారి ఎక్కడ దొరికితే అక్కడే కూర్చుని ఉంటుంది, సీటు వెతుక్కోవడానికి వ్యవధి దొరకదు.